వంచిన నీళ్లు

బోథ్,
12 ఆగస్టు 1987

సరళా, బిడ్డా,

ఈ ఉత్తరం రాయకుండానే ఊరుకుందామనుకున్నాను. నీ కవరు వచ్చి ఇరవై రోజులైంది. మొదటి వారం కళ్లద్దాలు దొరకలేదు. రెండో వారం అద్దాలు దొరికాయి, పెన్నులో సిరా లేదు. మూడో వారం సిరా కూడా వచ్చింది. చెప్పుకోవడానికి ఇక సాకు మిగల్లేదు కనుక కూర్చున్నాను.

నువ్వు అడిగినవి తొమ్మిది ప్రశ్నలు. మా రోజుల్లో తహసీల్దారు కూడా ఇన్ని అడిగేవాడు కాదు. లాఖ్ పప్పు తిని మన ఊళ్లో ఎందరికి కాళ్లు పడిపోయాయి, ఏ నెలలో మొదలైంది, దినానికి ఎంత తిన్నారు... ఏం బిడ్డా, అంత చదువు చదివి, హైదరాబాదులో తెల్లకోటు తొడుక్కొని, చివరికి నువ్వు పట్టుకున్నది మన లాఖ్ పప్పునా? కరీంనగర్‌లో మీ బాపు కనిపించిన ప్రతివాడికీ 'మా సరళ మెదడు మీద రీసెర్చి చేస్తుంది' అని చెప్పుకుంటున్నాడు. అన్న మురిపెం నాకు తెలుసు. కానీ మెదడుకూ ఈ మూడు మూలల గింజకూ ఏం చుట్టరికమో నాకు రాయి. నేను చదివింది ఉర్దూలో నాలుగో జమాత్. తెలుగు నేర్చుకున్నది అంగట్లో పొట్లాలు కట్టిచ్చిన కాగితాల మీద. అందుకే నాకు ఏ కథైనా సగమే తెలుసు.

సరే, విను. డెబ్బై రెండులో వాన పడలేదు. జొన్న పోయింది, పత్తి పోయింది. నల్లరేగడిలో మంచు తాగి లాఖ్ ఒక్కటే బతికింది. దానికి వాన అక్కరలేదు, ఎరువు అక్కరలేదు, మనిషి మొహం చూపకపోయినా కాస్తుంది. పట్నంలో కేసరి పప్పు అనేది ఇదే, చూడటానికి కందిపప్పుకు చెల్లెలు. పుష్యం నుంచి ఆషాఢం దాకా కూలిజనం అదే తిన్నారు. పదకొండు మందికి కాళ్లు బిగుసుకున్నాయి. జ్వరం లేదు, నొప్పి లేదు. పొద్దున లేచేసరికి పిక్కలు మొద్దుల్లా ఉంటాయి, మడమ నేలకు ఆనదు.

అందరిలోకీ చిన్నవాడు మన జీతగాడు హనుమండ్లు. నీకు గుర్తుండాలి, పొచ్చెర జలపాతం చూపడానికి నిన్ను భుజాల మీద ఎక్కించుకొని పోయాడు. కాళ్లు పడిపోయేనాటికి వాడికి ఇరవై నాలుగేళ్లు. ఇప్పుడు మునివేళ్ల మీద, మోకాళ్లు ఒకదానికొకటి రాసుకుంటూ, భార్య యాదవ్వ భుజం పట్టుకొని నడుస్తాడు. ఇద్దరు ఆడపిల్లలు. ఆ ఇంట్లో కాళ్లున్నది యాదవ్వకే. నాట్లు, కలుపు, పత్తి ఏరడం, అన్నీ ఆమే. ఆమె రెక్కాడితేనే ఆ నలుగురికీ ముద్ద.

ఈ ఏడు కూడా ఆగస్టు వచ్చింది కానీ వాన రాలేదు.

చిన్నబాపు కొండల్‌రావు


హైదరాబాద్,
30 ఆగస్టు 1987

చిన్నబాపూ, మీ ఉత్తరం మా ప్రయోగశాలలో అందరికీ చదివి వినిపించాను. తహసీల్దారు దగ్గర నవ్వారు. తర్వాత నవ్వలేదు.

చుట్టరికం అడిగారు కదా. మన మెదడులో, వెన్నుపాములో ఒక నరాల కణం పక్క కణాన్ని లేపాలంటే గ్లూటమేటు అనే పదార్థాన్ని చిటికెడు వదులుతుంది. అది తలుపు తట్టడం లాంటిది. తట్టగానే తలుపు తెరుచుకుంటుంది, పనయ్యాక మూసుకుంటుంది. లాఖ్ గింజలో ఉన్న విషం అచ్చం గ్లూటమేటు పోలికలోనే ఉంటుంది. కానీ అది తట్టడం ఆపదు. తలుపు మూసుకోదు. లోపలికి రాకూడనంత వచ్చిపడి, ఆ ఉద్రేకం తట్టుకోలేక కణం చచ్చిపోతుంది. కాళ్లను నడిపించే కణాలు ముందు పోతాయి.

మేము ఎలుకపిల్లల మెదడు కణాలను గాజు పళ్లెంలో పెంచి, ఆ తలుపుకు అడ్డంగా కూర్చోగల రసాయనాలను ఒక్కొక్కటే వేసి చూస్తున్నాం. పన్నెండు చూశాం, పన్నెండూ వృథా. పోయిన వారం పదమూడోది పనిచేసింది. దాని పేరు రాస్తే అర పేజీ పడుతుంది. ముందు ఆ మందు, తర్వాత విషం పోశాం. కణాలు బతికాయి, చిన్నబాపూ. పక్క పళ్లెంలో మందు లేనివి అన్నీ పోయాయి. ఇవి మాత్రం చేతులు చాపుకొని అలాగే ఉన్నాయి. భోజనానికి పిలిచినా పోకుండా చూస్తూ కూర్చున్నాను.

మీరు అన్నిటికీ జవాబు రాశారు, ఆరో ప్రశ్నకు తప్ప. 'తిన్నారు' అని రాశారు. కరువులో అంత పప్పు వాళ్లకు ఎక్కడిది? పండించుకున్నారా, కొన్నారా, ఎవరైనా ఇచ్చారా? లెక్కకు కావాలి, అంతే.

సరళ


బోథ్,
18 సెప్టెంబరు 1987

సరళా, నా తల్లీ,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. ఐదోసారి హనుమండ్లు దగ్గర చదివాను. వాడు మన దొడ్లో గడ్డి కోస్తున్నాడు.

"హనుమండ్లూ, మా సరళ మందు కనిపెట్టింది" అన్నాను.

"ఏం మందు పటేలా?"

"నీ కాళ్ల మందు."

వాడు కొడవలి కింద పెట్టాడు. "సూదా, గోలీనా?"

"అది రాయలే."

"సూదైతే మా యాదవ్వకు చెప్పకుండ్రి. నేను సూదికి ఏడుస్త అని వాడకట్టంత చాటుతది."

ఆమె వెనకే నిలబడి ఉంది. "నడక వస్తే ముందుగాల ఎటు పోతవు?" అని అడిగింది.

"నీకు దూరం పోత. పద్నాలుగేండ్ల సంది నీ భుజం వాసనే చూస్తున్న."

ఇద్దరూ పడీపడీ నవ్వారు. నేనూ నవ్వాను. వాళ్లతో కలిసి నేను నవ్వి ఎన్నేళ్లయిందో.

ఒక సీసా ఆదిలాబాద్ బస్సులో వెయ్యి. కండక్టరు లచ్చయ్య మనవాడే, ఒళ్లో పెట్టుకొని తెస్తాడు. పగలకుండా వరిగడ్డిలో చుట్టు. ముందు హనుమండ్లుకు, తర్వాత మిగిలినవాళ్లకు. పదకొండు మందిలో ఐదుగురే ఉన్నారు ఇప్పుడు.

ఆరో ప్రశ్న పాత సంగతి. ఇప్పుడెందుకు?

దీవెనలతో,
చిన్నబాపు


హైదరాబాద్,
4 అక్టోబరు 1987

చిన్నబాపూ,

తప్పు నాది. సంతోషంలో సగమే రాశాను. ఆ మాట హనుమండ్లు దగ్గర వెంటనే వెనక్కి తీసుకోండి.

మందు ముందు ఉండాలి, విషం తర్వాత రావాలి. అప్పుడే కణం బతుకుతుంది. విషం పోసిన గంటకు మందు వేసి చూశాం, సగం పోయాయి. మరునాడు వేశాం, ఒక్కటీ మిగల్లేదు. చచ్చిన నరాల కణం మళ్లీ పుట్టదు. హనుమండ్లు కణాలు పోయి పద్నాలుగేళ్లు.

పోనీ తినబోయేవాళ్లకు ముందే ఇవ్వవచ్చు కదా అంటారు. ఇవ్వలేం. ఆ తలుపు విషానిది కాదు, మనది. అది మూస్తే మామూలు పిలుపులు కూడా ఆగిపోతాయి. బతికున్న ఎలుకలకు ఇస్తే మూలకు పడి నిద్రపోతున్నాయి, తిండి కూడా ముట్టడం లేదు. మనుషుల దాకా రావడానికి ఎన్నేళ్లు పడుతుందో, అసలు వస్తుందో రాదో తెలియదు.

నన్ను తిట్టుకోండి, కానీ వాడికి చెప్పండి.

సరళ


బోథ్,
3 డిసెంబరు 1987

సరళకు,

రెండు నెలలు రాయలేదు. కోపం వచ్చింది. ఎవరి మీద అని అడగకు.

మొన్న నిర్మల్ పోయాను. బొమ్మలు చేసే రాజం దగ్గర కూర్చొని నీ మందు సంగతి చెప్పాను. వాడు పొనికి కర్రతో సీతాఫలం చెక్కుతున్నాడు. తల ఎత్తకుండానే, "అంతే కద పటేలా, పురుగు పట్టకముందు రంగెయ్యాలె. పట్టినంక ఏస్తే లోపలి పురుగుకు నీడ జేసినట్టు" అన్నాడు. నీకు నాలుగు పేజీలు పట్టింది, వాడికి నాలుగు మాటలు. ఆ సీతాఫలం ఎంత బాగుందంటే దాని మీద ఈగ వాలింది. అది నీకు అనవసరం.

హనుమండ్లుకు చెప్పలేదు. చెబుదామనే పోయాను. "మందు బయలెల్లిందా పటేలా?" అన్నాడు. "తయారైతుంది" అని వచ్చేశాను.

ఇక ఆరో ప్రశ్న. ఇచ్చింది నేను. మన చేలలో పండినది చాలక కిన్వట్ వైపు నుంచి బండ్లతో తెప్పించాను. దినకూలి కింద మనిషికి రెండు సోలలు కొలిపించి పోయించాను. మన ఇంట్లో కందిపప్పు ఉండేది. మీ చిన్నమ్మ లీలాబాయి ఒకనాడు కొలత దగ్గరికి వచ్చి, "మనం తిననిది వాళ్లకెట్ల పోస్తున్నరు?" అన్నది. "పస్తులుంటే మంచిగుంటదా?" అన్నాను. ఆమె లోపలికి పోయింది. మళ్లీ ఆ మాట ఎత్తలేదు, చనిపోయేదాకా. బండి తెచ్చిన మరాఠీవాడు కూడా చెప్పాడు, గుర్రానికి మాత్రం పెట్టకు, నడుము పడిపోతుందని.

గుర్రానికి పెట్టలేదు.

ఈ ఏడు మళ్లీ అందరూ లాఖే చల్లారు. వేరే ఏదీ మొలవలేదు. జొన్నలు పంచుదామంటే నా గాదెలోనూ ఎలుకలే ఉన్నాయి.

కొండల్‌రావు


హైదరాబాద్,
20 ఫిబ్రవరి 1988

చిన్నబాపూ,

ఆరో ప్రశ్నకు జవాబు అందింది. పుస్తకంలో రాసుకున్నాను. దాని గురించి ఏం రాయాలో తెలియక ఇన్నాళ్లు ఆగాను.

లాఖ్ కోతకు వచ్చి ఉంటుంది. మీ చేతిలో ఒక పని ఉంది, మా మందు కన్నా మంచిది. ఆ విషం నీళ్లలో కరుగుతుంది. పప్పును ఎక్కువ నీళ్లలో బాగా మసలబెట్టి, నీళ్లు వంచేయాలి. మళ్లీ కొత్త నీళ్లు పోసి ఇంకోసారి వంచాలి. వంచిన నీళ్లు పారబోయాలి, గొడ్లకు కూడా పెట్టకూడదు. ఇలా చేస్తే విషం చాలావరకు పోతుంది. ముఖ్యంగా యాదవ్వ ఇంట్లో తప్పకుండా చేయించండి. ఆమె కాళ్లకు ఏమీ కాకూడదు.

సరళ


బోథ్,
28 మార్చి 1988

సరళకు,

మీ పెద్ద పెద్ద మిషన్లు, ఎలుకలు, గాజు పళ్లేలు, అన్నీ కలిసి చెప్పిన మాట పప్పు నీళ్లు వంచమనా? అయినా నీ మాట దాటలేదు. నేనే స్వయంగా హనుమండ్లు ఇంటికి పోయాను. అరుగు మీద కూర్చొని యాదవ్వను పిలిచి చెప్పాను.

"యాదవ్వా, గీ లాఖ్ పప్పు ఉత్తగ వండకు. మస్తు నీళ్లు పోసి మసలవెట్టి, నీళ్లు వంచు. మళ్ల పోసి మళ్ల వంచు. మా సరళమ్మ రాసింది."

"రెండుమాట్ల వంచాల్నా పటేలా? కట్టెలు ఎవరు తెస్తరు?"

"కట్టెలు నా దొడ్లకెళ్లి తీస్కపో."

అదే రోజు ఒక మోపు పంపించాను. వారం తర్వాత అడిగితే, "మీరు చెప్పినట్టే చేస్తున్న" అన్నది. హనుమండ్లు కూడా, "పప్పు చప్పగైంది గాని కడుపుల మంచిగుంటుంది" అన్నాడు. పిల్లలిద్దరూ గంతులేస్తున్నారు.

నీ ఉత్తరంలో నా ఒప్పుకోలు గురించి ఒక్క వాక్యమే ఉంది. పుస్తకంలో రాసుకున్నావట. మంచిది. పుస్తకాలకైనా పనికొచ్చాను.

చిన్నబాపు


హైదరాబాద్,
12 ఏప్రిల్ 1988
(కార్డు)

చిన్నబాపూ, ఆ వాక్యం మీకు అలా తగులుతుందనుకోలేదు. వచ్చినప్పుడు మాట్లాడతాను. ఒక్క సంగతి మాత్రం వెంటనే రాయండి. వంచిన నీళ్లు యాదవ్వ ఏం చేస్తున్నదో మీ కళ్లతో చూశారా? సరళ.


బోథ్,
30 జూన్ 1988

సరళా,

నీ కార్డుకు జవాబు రాయలేదు. పటేల్‌ను పట్టుకొని కూలివాళ్ల వంటింట్లో తొంగి చూడమంటుందా ఈ పిల్ల అని కార్డును పంచాంగంలో పెట్టేశాను.

వానలు దండిగా పడ్డాయి. మృగశిరలోనే చెరువు నిండింది. అందరూ విత్తనాలకు పోయారు. యాదవ్వ సాలులో వంగి లేవబోయి పడింది. లేపితే మళ్లీ పడింది. "ఏం లేదు, మడిమ ఆనుతలేదు" అన్నదట.

కరీంనగర్ తీసుకుపోయాను. మీ బాపు ఒక నరాల డాక్టరుకు చూపించాడు. ఆయన ఆమె మోకాలి మీద చిన్న సుత్తితో కొట్టాడు. కాలు తన్నినట్టు ఎగిరింది. ఆయన మొహం చూసి నాకు అర్థమైంది.

"ఏం తింటవమ్మా?" అన్నాడు.

"అందరు తిన్నదే సారూ."

"లాఖ్ పప్పా?"

"పప్పు ఆయనకు, పిల్లలకు. నాకు గటక, చారు."

"ఏం చారు?"

"పప్పు వంచిన నీళ్ల చారు. ఇంత చింతపండు పిసికి, ఉప్పు కారమేస్తే మంచిగనే ఉంటది."

నేను మధ్యలో అరిచాను. "ఆ నీళ్లెందుకు తాగినవే?"

ఆమె నా వైపు తిరిగింది. కోపంగా కాదు, నాకే ఏదో తెలియనట్టు. "వంచుమంటిరి, వంచిన. పారబొయ్యుమన్నరా? అన్నా ఎవరన్న పారబోస్తరా పటేలా, కరువుల పప్పు నీళ్లు? మీ ఇంట్ల పారబోస్తరా?"

మన ఇంట్లో పారబోయరు. మీ చిన్నమ్మ ఆ నీళ్లతోనే చారు పెట్టేది. అంతకు ముందు మా అవ్వ పెట్టేది. అరవై ఆరేళ్లుగా తింటున్నాను, ఆ చారు ఎక్కడి నుంచి వస్తుందో ఒక్కనాడూ ఆలోచించలేదు.

తిరిగి వచ్చాక నీ ఫిబ్రవరి ఉత్తరం తీసి చూశాను. నీళ్లు వంచాలి అని ఒక వాక్యం, పారబోయాలి అని ఇంకో వాక్యం. నేను మొదటిదే చెప్పాను. రెండోది చెప్పేంతటిది కాదనిపించింది.

లెక్క నీకు రానిది కాదు. మొగుడి వంతు విషం, ఇద్దరు పిల్లల వంతు విషం, తన వంతు విషం, అంతా ఒక్క చారు కుండలోకి దిగింది. మూడు నెలలు ఆమె ఒక్కతే తాగింది. ముందటిలా ఉత్తగా వండుకున్నా నలుగురూ పంచుకునేవాళ్లు. కట్టెలు నేనే పంపాను.

కొండల్‌రావు


హైదరాబాద్,
11 జులై 1988

చిన్నబాపూ,

ఇక లాఖ్ ముట్టకుండా ఉంటే యాదవ్వకు ఇంతకన్నా ముదరదు. తగ్గదు కూడా. మందు గురించి మీరు అడగలేదు. అడగనందుకు ఏడుపొచ్చింది.

మా పదమూడో రసాయనం మీద రాసిన వ్యాసం అచ్చుకు తీసుకున్నారు. ఆ కబురు అందింది మీ ఉత్తరం వచ్చిన రోజే. అందరూ మిఠాయి తిన్నారు. మా పళ్లేల్లో పాత ద్రవం తీసి కొత్తది పోస్తుంటాం. తీసిన ద్రవం ఏ సీసాలో పోయాలో, ఆ సీసా ఎక్కడ పెట్టాలో, ఎవరు బయటకు తీసుకుపోవాలో గోడ మీద కాగితం అంటించి ఉంటుంది. ఆ కాగితం రాసింది నేనే. మా కణాల విషయంలో నాకు అంత జాగ్రత్త.

నేనూ ఆ చారు తినే పెరిగాను. మా ఇంట్లోనూ అవ్వ అందరికీ పెట్టి, చివరన చారుతో తినేది. ఏప్రిల్‌లో కార్డు రాసేటప్పుడు నాకు అది గుర్తొచ్చింది. గుర్తొచ్చే రాశాను. బస్సెక్కి రావలసింది. ఆ వారం ప్రయోగం ఉందని కార్డు వేశాను.

వచ్చే నెల వస్తాను. ఆమెకు ఏం చెప్పాలో తెలియదు.

సరళ


బోథ్,
21 ఆగస్టు 1988

సరళా, బిడ్డా,

రా. యాదవ్వ నిన్ను ఏమీ అనదు. నన్నూ అనలేదు. "పెద్దబిడ్డను బడి మాన్పించి కూలికి తోలుత, ఇంకేం జేస్త" అన్నది. నేను వద్దన్నాను, ఇంటికి జొన్నలు పంపిస్తానన్నాను. "ఈసారి కొలిచి పంపుతరా, ఉత్తగ పంపుతరా?" అని నవ్వింది. ఆమె ఏ ఉద్దేశంతో అన్నదో నాకు తెలియలేదు, అడిగే ముఖమూ లేదు. పెద్దపిల్లకు పన్నెండేళ్లు. మొన్నటి నుంచి బడికి పోవడం లేదు.

హనుమండ్లుకు మందు సంగతి చెప్పేశాను. ఏడాది పట్టింది.

"మందు రాదు హనుమండ్లూ. ఇగ రాదు."

"నాకెరుకే పటేలా. పోయిన దీవాళికే మీ ముఖం జూసి ఎరుకైంది."

"మరి కనవడ్డప్పుడల్ల బయలెల్లిందా అని ఎందుకడిగినవు?"

"అడగకుంటె మీరు పరేషాన్ అయితరని."

నేను లేచి చేను మీదుగా ఇంటికి వచ్చాను. జొన్న నడుము ఎత్తు లేచింది. ఇంత మంచి పంట పదేళ్లలో చూడలేదు. లాఖ్ విత్తనం ఎవరూ దాచుకోవద్దని చాటింపు వేయించాను. అందరూ విన్నారు. అందరూ ఒక కుండ దాచుకున్నారు.

నువ్వు వచ్చేటప్పుడు నిర్మల్‌లో బస్సు మారాలి. అక్కడ గంట ఆగుతుంది. నీళ్లు తెచ్చుకో.

నిన్న పక్కింటి రాయమల్లు అడవి నుంచి వెదురు తెచ్చి ఇచ్చాడు. హనుమండ్లు అరుగు మీద కూర్చొని రెండు ఊతకట్టెలు కోశాడు. ఒకటి జానెడు పొట్టిది.

చిన్నబాపు